పంచాయతీ ట్యాంకరుకు పంపు బిగించండి: పంచాయతీరాజ్ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

యాసంగి కోతలతో పాటే ఊళ్లలో మంటలూ మొదలవుతాయి. హార్వెస్టరు కోసిపోయిన మడిలో కొయ్యకాళ్లకు ఎవరో నిప్పు పెడతారు. గాలి తిరుగుతుంది. గట్టు మీది తాటిచెట్లు, పక్క చేనులో డ్రిప్పు పైపులు, మామిడితోట దాటి మంట ఊరి అంచున ఉన్న గడ్డివాముల దాకా వస్తుంది. 101కి ఫోను చేస్తే ఫైరింజను బయలుదేరుతుంది, ఆ సిబ్బందిని తప్పుపట్టడానికేమీ లేదు. కానీ స్టేషను పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంటే, సింగిల్ రోడ్డు మీద వాళ్లు వచ్చేసరికి వాము బూడిదై, పక్కనున్న పశువుల కొట్టం అంటుకుని ఉంటుంది.

ఇదంతా జరుగుతున్నప్పుడు పంచాయతీ ఆఫీసు ముందు ట్రాక్టరు, ట్యాంకరు నిలబడే ఉంటాయి. పల్లెప్రగతి పథకంలో 12 వేలకు పైగా గ్రామపంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు సమకూరాయి. ఆ ట్యాంకరును మంట దగ్గరికి తోలుకుపోయినా నీళ్లు వెనక నల్లాలోంచి బిందెల్లోకి, బకెట్లలోకి మాత్రమే వస్తాయి. మూడు నాలుగు వేల లీటర్లు చేతిలో ఉండి కూడా మంట మీద పడవు. కాబట్టి కొత్త బండ్లు అడగడం లేదు. ఉన్న ట్యాంకరుకు సరైన పంపు, సరైన పైపు, సరైన నాజిల్ బిగించమని అడుగుతున్నాం. మూడుసార్లు ‘సరైన’ అని ఎందుకన్నామో చెప్పడానికే ఈ లేఖ. మేము పంపుసెట్లు బిగించేవాళ్లం, ట్రాక్టరు మెకానిక్‌లం, అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరైనవాళ్లం.

ముందు పంపు సంగతి. టెండరులో ‘2 అంగుళాల పెట్రోలు పంపు’ అని మాత్రమే రాస్తే బజారులో చవగ్గా దొరికే నీళ్లు తోడే పంపే వస్తుంది. అది నిమిషానికి 500 లీటర్లు పోస్తుందని పేరు. కానీ దాని హెడ్డు, అంటే నీళ్లను ఎంత ఎత్తుకు నెట్టగలదన్నది, 28 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. అంటే నీళ్లు అసలు కదలనప్పుడు కూడా దాని ప్రెషరు 2.8 బార్లు మించదు. పైపులో రాపిడికి పోయేది పోగా నాజిల్ దగ్గర మిగిలేది ఒకటిన్నర, మహా అయితే రెండు బార్లు. మడి పారించడానికి అది మంచి పంపే, మంటకు పనికిరాదు. మనకు కావలసింది 6 నుంచి 7 హెచ్‌పీ పెట్రోలు ఇంజనుతో, 50 మీటర్లకు తగ్గని హెడ్డు ఉన్న హై ప్రెషర్ పంపు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, తేడా లోపల నీళ్లను విసిరే చక్రంలో, అంటే ఇంపెల్లరులో ఉంటుంది. టెండరు కాగితంలో హెడ్డు అంకె లేకపోతే ఏది వస్తుందో మీరే ఊహించగలరు.

ట్రాక్టరు వెనక యంత్రాలను తిప్పే ఇరుసుతోనే, అంటే పీటీఓతోనే, పంపు తిప్పుదామనే ఆలోచన చాలామందికి వస్తుంది. పీటీఓ తిరిగేది నిమిషానికి 540 చుట్లు. ఇలాంటి పంపుకు సుమారు 3,000 నుంచి 3,600 కావాలి. మధ్యలో స్పీడు పెంచే గేరుబాక్సు లేకపోతే నీళ్లు లోపలే గిలకొట్టుకుంటాయి తప్ప బయటికి ఎగరవు. గేరుబాక్సు పెట్టినా, ట్రాక్టరు ఇంజను రేజు తగ్గించగానే ప్రెషరు పడిపోతుంది. కాలుతున్న చేను అంచు వెంట నెమ్మదిగా ట్రాక్టరు పోనిస్తూ నీళ్లు కొట్టాలంటే పంపుకు సొంత ఇంజను ఉండి తీరాలి.

ఇక పైపు, నాజిల్. ఫైరింజనులో ఉండే 63 మిల్లీమీటర్ల పైపును, 20 మిల్లీమీటర్ల నాజిల్‌ను చూసి ఊళ్లకూ అవే కొనాలనుకోవడం పెద్ద పొరపాటు. 3 బార్ల ప్రెషరులో 20 మి.మీ. నాజిల్ నిమిషానికి సుమారు 460 లీటర్లు మింగుతుంది. 4,000 లీటర్ల ట్యాంకరు తొమ్మిది నిమిషాల లోపే ఖాళీ. అంత ధారను అలవాటు లేని మనిషి ఒక్కడు పట్టుకోలేడు కూడా. అదే 3 బార్లకు 10 మి.మీ. నాజిల్ అయితే నిమిషానికి 115 లీటర్లు. అవే 4,000 లీటర్లు 35 నిమిషాలు వస్తాయి, ఒక్కరే పట్టుకోవచ్చు. పైపు 38 మి.మీ. రబ్బరు పూతది, 15 మీటర్ల ముక్కలు నాలుగు. ఖర్చు తగ్గుతుందని 1 అంగుళం తోట పైపు పెడితే ప్రతి 30 మీటర్లకు ఒకటిన్నర బార్లకు పైగా రాపిడికే పోతుంది. 38 మి.మీ. పైపులో అదే నీటికి పోయేది బారులో దాదాపు నాలుగో వంతు. నాజిల్ మాత్రం తిప్పితే ధారగానూ, జల్లుగానూ మారేది కావాలి. గడ్డివాము మీద నేరుగా ధార కొడితే నిప్పున్న గడ్డి ఎగిరి పక్క కొట్టం మీద పడుతుంది. దానికి జల్లే మందు.

బిగింపులో జాగ్రత్తలు కొన్ని వర్క్‌షాపు వాళ్లకు రాతపూర్వకంగా ఇవ్వాలి. పంపును ట్యాంకరు ముందు, హుక్కుకు వెనకనున్న దూలం మీద పెట్టాలి. అక్కడ 50×50×6 మి.మీ. ఇనుప యాంగ్లర్లతో చట్రం కట్టి, 5 మి.మీ. రేకు పరిచి, కింద రబ్బరు ముక్కలు వేస్తే చాలు. పంపు నోరు ట్యాంకు అడుగు కన్నా కిందికి ఉంటే నీళ్లు వాటంతటవే పంపులోకి దిగుతాయి, మంట దగ్గర ప్రైమింగు కోసం, అంటే పంపులో ముందుగా నీళ్లు నింపడం కోసం, కుస్తీ పట్టనక్కరలేదు. ట్యాంకుకు 2 అంగుళాల సాకెట్ కొత్తగా వెల్డింగు చేయాలి, అదీ అడుగు నుంచి 5 సెంటీమీటర్లు పైకి. ఇప్పుడున్న నల్లాలకే పంపు తగిలిస్తే అది దాహంతో కొట్టుకుంటుంది. మరీ అడుగునే సాకెట్ పెడితే తుప్పు, బురద లోపలికి లాగుతుంది. ట్యాంకు నుంచి పంపుకు ఇనుప పైపు వద్దు, ఇంజను అదురుకు రెండు నెలల్లో వెల్డింగు పగులుతుంది. చుట్లున్న గట్టి సక్షన్ పైపు ముక్క వేసి, రెండు చివరలా రెండేసి క్లాంపులు బిగించాలి. పంపు నడుస్తున్నంతసేపూ ట్యాంకు పై మూత తెరిచే ఉండాలి. గాలి ఆడకపోతే కాసేపటికే ధార సన్నబడుతుంది, రేకు పల్చనిదైతే ట్యాంకు లోపలికి నొక్కుకుపోతుంది.

వాల్వులు నాలుగు కావాలి, అన్నీ పావు చుట్టు తిరిగే బాల్ వాల్వులే. ట్యాంకు నుంచి పంపుకు ఒకటి, కుంట నుంచి పంపుకు ఒకటి, పంపు నుంచి తిరిగి ట్యాంకులోకి ఒకటి, పంపు నుంచి పైపుకు ఒకటి. దీనితో అదే పంపు చెరువులోంచి ట్యాంకరును నింపగలదు, మంట మీదా కొట్టగలదు. పిడి అడ్డంగా ఉంటే మూసినట్టు, పైపు వెంట ఉంటే తెరిచినట్టు. పొగలో, హడావుడిలో కూడా కంటికి తెలుస్తుంది. చుట్టూ తిప్పే గేట్ వాల్వుతో ఆ సౌకర్యం లేదు. ట్యాంకులోకి తిరిగి పోయే వాల్వును ఎప్పుడూ కొంచెం తెరిచి ఉంచాలి. నాజిల్ మూసినప్పుడు నీళ్లు పంపులోనే తిరుగుతూ మరిగిపోకుండా అది కాపాడుతుంది.

కుంటలో నీళ్లు తోడేటప్పుడు పంపు మొరాయిస్తే, నూటికి తొంభై పాళ్లు సక్షన్ పైపు జాయింటులో గాలి లాగుతున్నట్టే లెక్క. వాషరు చూడాలి, టెఫ్లాన్ టేపు చుట్టాలి. నీటిమట్టం నుంచి పంపు ఎత్తు 6 మీటర్లు మించకూడదు, దానికి పైన ఇలా గట్టు మీది నుంచి పీల్చే ఏ పంపూ నమ్మకంగా ఎత్తలేదు. అందుకే లోతైన బావులు దీనికి పనికిరావు. ఫుట్‌వాల్వు జాలీ బురదలో కూరుకుపోకుండా దానికి మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా ఒకటి తాడుతో కట్టాలి. డబ్బా నీళ్ల మీద తేలుతుంది, జాలీ నీటిమట్టానికి ఒక అడుగు కింద వేలాడుతుంది. పైన తేలే నాచూ రాదు, కింది బురదా రాదు.

ఇంకొక్క కప్లింగు గురించి తప్పక చెప్పాలి. ట్యాంకరు డెలివరీ వైపు, నొక్కగానే పైపు తగులుకునే 63 మి.మీ. ఇన్‌స్టంటేనియస్ ఫీమేల్ కప్లింగు ఒకటి అదనంగా పెట్టండి. అగ్నిమాపక శాఖ పైపులు నేరుగా తగిలేది దానికే. ఫైరింజనులో నీళ్లయిపోతే ఇప్పుడు అది బోరు వెతుక్కుంటూ పోవాల్సి వస్తోంది. ఈ కప్లింగు ఉంటే పంచాయతీ ట్యాంకరే దానికి నీళ్లందిస్తుంది.

సరుకు దిగాక తనిఖీకి ఇంజనీరింగ్ పట్టా అక్కరలేదు, 200 లీటర్ల డ్రమ్ము, సెల్‌ఫోనులో గడియారం చాలు. నాలుగు పైపులూ కలిపి 60 మీటర్లు పరిచి, 10 మి.మీ. నాజిల్‌తో డ్రమ్ము నింపాలి. ఒక నిమిషం 45 సెకన్లకు అటూ ఇటుగా నిండితే నాజిల్ దగ్గర 3 బార్లు ఉన్నట్టు. రెండున్నర నిమిషాలు పట్టిందంటే అక్కడున్నది ఒకటిన్నర బారే, ఆ పంపును వెనక్కి పంపాల్సిందే. ఈ పరీక్ష సర్పంచ్, కార్యదర్శి, ఇద్దరు గ్రామస్థుల ఎదుట జరిగాకే బిల్లు చెల్లించాలని జీవోలో రాయించండి. పంపు, పైపులు, నాజిల్, వాల్వులు, వెల్డింగు అన్నీ కలిపి లక్ష రూపాయలు దాటనక్కరలేదని మా అంచనా.

కొన్నాక పాడయ్యేది ఎక్కడో కూడా చెబుతాం. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కార్బొరేటరులో నిలిస్తే లోపలి సన్నటి రంధ్రం జిగురుపట్టి పూడుకుపోతుంది, మంట వచ్చిన రోజు తాడు ఎంత లాగినా ఇంజను స్టార్టు కాదు. మందు సులువే: పని అయిపోయాక పెట్రోలు కాక్ మూసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా నడవనివ్వాలి. వారానికొకసారి, మొక్కలకు నీళ్లు పోసే రోజున, బిందెలకు బదులు ఈ పంపుతోనే పది నిమిషాలు పోయాలి. అప్పుడు పంపు పనిచేస్తుందో లేదో ఊరికి ఎప్పుడూ తెలిసే ఉంటుంది. నీళ్లు లేకుండా మాత్రం ఒక్క నిమిషం కూడా నడపకూడదు, నీళ్లు కారకుండా ఆపే మెకానికల్ సీలు మాడిపోతుంది.

ట్యాంకరు విషయంలో ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఒకే నియమం ఉండాలి: సాయంత్రం పని ముగిసేసరికి నిండుగా నిలబడాలి. సగం నిండిన ట్యాంకరు మరీ ప్రమాదం. మలుపులో నీళ్లన్నీ ఒక పక్కకు ఒరిగి ట్రాలీనే పడగొడతాయి. లోపల అడ్డు రేకులు లేని ట్యాంకులకు రెండేసి వేయించాలి. నింపడానికి బోరు మోటారును నమ్ముకుంటే అరగంట పట్టొచ్చు, కరెంటు లేకపోతే అదీ లేదు. ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు కింద 80 మి.మీ. వాల్వుతో ఒక పైపు వేలాడదీస్తే పది నిమిషాల్లో నిండుతుంది.

మనుషులు లేకుండా ఈ సామాను దండగ. ట్రాక్టరు నడిపే మల్టీపర్పస్ వర్కరుతో పాటు ఊరికి మరో నలుగురికి శిక్షణ కావాలి. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో స్టేషను సిబ్బంది పట్నంలో కరపత్రాలు పంచడంతో పాటు మండలానికొక ఊళ్లో ఈ ట్యాంకర్లను వరసగా నిలబెట్టి నేర్పించవచ్చు. నేర్పాల్సింది ఎక్కువేమీ కాదు. అంటుకున్న వాము మీద నీళ్లు వృథా చేయొద్దు, 4,000 లీటర్లకు అది లొంగదు. ముందు పశువుల తాళ్లు కోసి, పక్క వామును, కొట్టం కప్పును తడపాలి. ఇంటి మీద నీళ్లు కొట్టేముందు లైన్‌మన్‌తో కరెంటు తీయించాలి. లోపల గ్యాసు సిలిండరు ఉందని తెలిస్తే గోడ చాటున నిలబడి దూరం నుంచి దాన్ని చల్లబరచాలి. చేను మంటలో ట్రాక్టరును ఎప్పుడూ కాలిపోయిన నేల మీదే ఉంచాలి, ఎండుగడ్డిలోకి దింపితే సైలెన్సరు వేడికి కిందనే కొత్త మంట పుడుతుంది. ట్యాంకులో చివరి 300 లీటర్లు మనుషులు, ట్రాక్టరు బయటపడటానికి దాచుకోవాలి. మంట ఆరాక వామును కొక్కేలతో విడదీసి, లోపలి గడ్డిని తడపాలి. పైపైన తడిపి వదిలేస్తే అర్ధరాత్రి మళ్లీ అంటుకుంటుంది. గడ్డి నీళ్లను పట్టకుండా జారవిడుస్తుంది కాబట్టి, ఆ చివరి తడుపుకు ట్యాంకులో కాస్త సబ్బు ద్రవం కలిపితే నీళ్లు లోపలికి ఇంకుతాయి. నీళ్లు నింపాకే కలపాలి, ముందు పోస్తే నురగ లేచి పంపు గాలి మింగుతుంది.

మంత్రి గారూ, వచ్చే యాసంగి కోతలకు ముందే ఈ కొలతలతో ఒక జీవో ఇవ్వాలని కోరుతున్నాం. ఒకేసారి అన్ని పంచాయతీలకూ వీలుకాకపోతే, ఫైర్ స్టేషనుకు 15 కిలోమీటర్లకు పైగా దూరమున్న ఊళ్లతో మొదలుపెట్టండి. డీజిల్, పెట్రోలు ఖర్చుకు పంచాయతీ ఖాతాలో విడిగా కొంత సొమ్ము ఉంచండి. కార్యదర్శులు జేబులోంచి పెట్టుకోవాల్సిన పరిస్థితి రాకూడదు. ట్రాక్టరు తాళం ఎవరింట్లోనో కాక, పంచాయతీ ఆఫీసు దగ్గర రాత్రిపూట కూడా అందే చోట వేలాడాలి. దాని పక్కన గోడ మీద డ్రైవరు, వాటర్‌మన్, లైన్‌మన్ ఫోను నంబర్లు, 101 పెద్దక్షరాలతో రాయించాలి. ట్రాలీ హుక్కు పిన్ను గొలుసుతో ట్యాంకరుకే కట్టి ఉండాలి.

ఇట్లు,
పంపుసెట్ల ఫిట్టర్లు, ట్రాక్టరు మెకానిక్‌లు, అగ్నిమాపక శాఖ విశ్రాంత సిబ్బంది