ఆర్కే బీచ్‌లో పోస్తున్న ఇసుక లెక్కపై బహిరంగ లేఖ

విశాఖపట్నం జిల్లా కలెక్టరు గారికి నమస్కారం.

మన తీరంలో ఏడాది మొత్తమ్మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికే నడుస్తుంది. ఔటర్ హార్బరు (ఓడరేవు బయటి భాగం) గోడలు ఆ దారికి అడ్డొచ్చాయి కాబట్టే డ్రెడ్జరుతో (సముద్రం అడుగున ఇసుక తోడే ఓడతో) తోడి ఆర్కే బీచ్ వైపు పోయాల్సి వస్తోంది. పోయడం సరే, నిలిచిందెంత?

డ్రెడ్జరు తొట్టి కొలత సరిపోదు. అందులో నీళ్లు, బురద కూడా ఉంటాయి. పోయకముందు, పోసిన వెంటనే, రుతుపవనాలు వెళ్లాక, ప్రతిసారీ అవే గీతల వెంట, రోడ్డు అంచు నుంచి 8 మీటర్ల లోతు దాకా మట్టాలు తీయించండి. ఒడ్డున జీపీఎస్, నీళ్లలో ఎకో సౌండర్ (శబ్దంతో లోతు కొలిచే పరికరం). పోటులో పడవ, ఆటులో నడక అయితేనే రెండు కొలతలూ కలుస్తాయి. అలలు విరిగే చోట ఖాళీ మిగిలితే, అక్కడి ఇసుక మేట లెక్కలోకే రాదు.

ఉపగ్రహ చిత్రాలు చవకే. కానీ 30కి 1 వాలున్న చోట నీరు మీటరు తగ్గితే ఒడ్డు 30 మీటర్లు పెరిగినట్టు కనిపిస్తుంది! చిత్రం తీసిన వేళ ఆటుపోట్ల మట్టంతో సరిచేయాలి.

పోసే ఇసుకకు జల్లెడ పరీక్ష (రేణువుల సైజు చూసేది) తప్పనిసరి చేయండి. బీచ్ ఇసుకకన్నా సన్నదైతే త్వరగా కొట్టుకుపోతుంది. కోత ఆపేందుకు ఒడ్డున రాళ్ల గోడ కట్టే జోలికి మాత్రం తొందరపడి వెళ్లొద్దు: గోడ ఆగిన చోట, ఉత్తరపు పక్కన, కోత మొదలవుతుంది.

ఈ కొలతలన్నీ జిల్లా వెబ్‌సైటులో పెట్టించగలరని మనవి.

— తీర సర్వే పని తెలిసిన కొందరు విశాఖవాసులు