పక్క బెడ్ పెద్దమ్మకు

పంతొమ్మిది రోజుల తర్వాత మా తమ్ముడు నిన్న సాయంత్రం ఇంటికొచ్చాడు. వాడు పడుకున్నాడు, నాకే నిద్ర పట్టడం లేదు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. వాడు హెచ్‌ఐవీ పాజిటివ్. దాచకుండా రాయమన్నది వాడే.

ఏడేళ్లుగా హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వేసుకుంటూ మామూలుగా ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఈమధ్య పని కోసం ఊరు మారాడు. కొత్త ఊళ్లోని ఏఆర్‌టీ సెంటర్‌కు బదిలీ చేయించుకోవచ్చని తెలియక, పాత ఊరికి రావడానికి సెలవు దొరకక, రెండు నెలలకు పైగా మందులు మానేశాడు. వాడికి హెపటైటిస్ బి కూడా ఉంది. రోజూ వేసుకునే ఆ మాత్రలోని టెనోఫోవిర్, లామివుడిన్ హెచ్‌ఐవీతో పాటు బి వైరస్‌ను కూడా అణచి ఉంచుతాయి. మానేసరికి అది విజృంభించి లివర్ మీద పడింది. కళ్లు పచ్చబడగానే చుట్టాల మాట విని పసరు మందుకు తీసుకెళ్లాం. నాలుగు రోజులు అలా పోయాయి. ఆ తప్పు మాదే. దయచేసి ఎవరూ చేయకండి.

మొదట వెళ్లిన ఆసుపత్రిలో ఫైలు చూడకముందు బెడ్ ఉంది, చూశాక లేదు. అప్పటికి కామెర్లు ఎంత ముదిరాయో చెప్పే బిలిరుబిన్ 22, రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే ఐఎన్ఆర్ 3 దాటింది. పగలంతా నిద్ర, రాత్రంతా కలవరింతలు. హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో వైద్యం కాదనకూడదని 2017లో చట్టమే వచ్చింది. ఆ మాట అడిగితే కౌంటర్ దగ్గర ఎవరూ తలెత్తలేదు. చట్టం ఉండి మాకేం ఒరిగింది?

రెండో చోట చేర్చుకున్నారు. పక్క బెడ్ మీద పల్నాడు నుంచి వచ్చిన ఒక కుర్రాడు. అతనికి హెచ్‌ఐవీ లేదు. టీబీ మందులు పడక లివర్ ఫెయిలైంది. ఇద్దరివీ అవే పచ్చటి కళ్లు, అదే విరేచనాల మందు లాక్టులోజ్ సీసా, అవే రక్తపరీక్షలు. తేడా అల్లా మావాడి కేస్ షీటు మీద ఎర్ర స్కెచ్‌తో రాసిన అక్షరాలు. వాటి వల్ల మా మంచం దగ్గరికి రావడానికే కొందరు జంకారు.

"ఏందమ్మా ఆ ఎర్ర రాత?" అని ఆ కుర్రాడి తల్లి అడిగింది. ఆమెకు చదువు రాదు. అబద్ధం చెప్పే ఓపిక లేక నిజం చెప్పేశాను. కాసేపు వాడి వంక చూసి, "పిల్లోడు ఏమన్నా తిన్నాడా తల్లీ?" అంది. తన స్టూలు రెండు మంచాల మధ్యకు జరుపుకుంది.

లివర్ దెబ్బకు మెదడు ఎంత మసకబారిందో చూడటానికి రోజూ పొద్దున్నే డాక్టరుగారు మావాడిని చేతులు ముందుకు చాపమనేవారు. చాపితే మణికట్ల దగ్గర పట్టు తప్పి టపటపా కొట్టుకునేవి. తర్వాత కాగితం మీద పేరు రాయమనేవారు. మొదట్లో అన్నీ కోడి గెలికినట్టు గీతలే. పెద్దమ్మ ఆ కాగితాలు మడిచి దాచేది. "ఇయ్యాల నిన్నటికంటే తిన్నగా ఉంది" అని నాకంటే ముందు ఆమే చెప్పేది.

ఒక రాత్రి ప్లాస్మా కోసం బ్లడ్ బ్యాంకుకు వెళ్లాను. లాక్టులోజ్‌తో విరేచనాలు అవుతాయి, అవ్వాలి కూడా, లివర్ పనిచేయక ఒంట్లో పేరుకునే అమ్మోనియా తగ్గేది అలాగే. నేను వచ్చేసరికి పెద్దమ్మ గ్లౌజులు తొడుక్కుని వాడిని తుడిచి, దుప్పటి మార్చి, తల దువ్వుతోంది. "ఆయాను పిలిస్తే రాలే. బిడ్డ అట్టా ఉంటే ఎట్టా చూస్తా?" అంది. బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. అన్ని రోజుల్లో అదే మొదటిసారి.

హెచ్‌ఐవీ ఉన్నా లివర్ మార్పిడి చేయొచ్చని డాక్టరుగారు చెప్పారు. చనిపోయినవారి అవయవాలను రోగులకు కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించే మాట కూడా వచ్చింది. ఆ అవసరం పడలేదు. టెనోఫోవిర్ మళ్లీ మొదలుపెట్టాక తొమ్మిదో రోజున ఐఎన్ఆర్ దిగింది. అదే రోజు వాడు ఇంటిపేరుతో సహా సంతకం చేశాడు.

అమ్మ, నాన్న, మా ఆయన ఎంత చేశారో వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, మరిచేపోయాను. ఏఆర్‌టీ సెంటర్ కౌన్సిలరమ్మ, ప్లాస్మా కోసం రక్తమిచ్చిన కాలేజీ పిల్లలు, అర్ధరాత్రి డబ్బులు తీసుకోని ఆటో అన్న, అందరికీ దండాలు. నైట్ డ్యూటీ నర్సు సిస్టర్‌కి కూడా. టెన్షన్‌లో ఆమె పేరు కూడా అడగలేదు.

పెద్దమ్మా, మీ అబ్బాయి కోలుకుని మాకంటే ముందే డిశ్చార్జ్ అయ్యాడు. ఆ వేళ నేను ల్యాబ్ దగ్గర ఉండిపోయాను. మీకు ఫోన్ లేదు, ఊరి పేరు అడగలేదు. ఎవరైనా ఇది చదివి మీకు వినిపిస్తారని ఆశ. మీ రాగిజావ గిన్నె మా దగ్గరే ఉంది. తోమి పెట్టాను.