చెరువు మట్టితో తరలిపోతున్న చరిత్ర

సంపాదకులకు నమస్కారం.

వేసవిలో మా వరంగల్ పల్లెల్లో చెరువుల పూడిక తీసి, ఆ నల్లమట్టిని ట్రాక్టర్లతో పొలాలకు తోలుకుంటారు. రైతుకు మేలు చేసే ఆ పనిని నేను తప్పుపట్టడం లేదు. ఆ మట్టిలో ఏమేమి పోతున్నాయో చూసే నాథుడు లేడన్నదే నా బాధ.

పోలెండులో పోజ్నాన్ నగరానికి ఈశాన్యంగా, మంచుయుగం మిగిల్చిన సరస్సుల నడుమ బిస్కూపిన్ అనే చిన్న ఊరున్నది. 1933లో అక్కడి సరస్సులో నీరు తగ్గి, ఏటవాలుగా పాతిన కొయ్యల కొనలు బయటపడ్డాయి. వాలెంటి ష్వాయిత్సర్ అనే బడిపంతులు అవి మామూలు గుంజలు కావని గ్రహించి కబురు పంపగా, పోజ్నాన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు యూజెఫ్ కోస్ట్‌షెఫ్‌స్కి మరుసటి ఏడే తవ్వకాలు మొదలుపెట్టారు. చుట్టూ కోటగోడ, దుంగలు పరిచిన వీధులు, వాటి వెంట వరుసలు తీరిన వందకు పైగా ఇళ్లతో ఒక ఊరే బయటపడింది. గాలి సోకని తడిమట్టిలో ఉన్నందునే ఆ కలప చెడలేదు. దుంగల్లోని వలయాలను లెక్కగట్టి, ఓక్ చెట్లలో ఎక్కువ భాగాన్ని క్రీ.పూ. 738–737 చలికాలంలో నరికారని తేల్చారు. చెట్టు కొట్టిన కాలం ఇంత కచ్చితంగా తెలియడం, నలభై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పిన నాకు ఇప్పటికీ అబ్బురమే.

రెండేళ్ల కిందట మా ఊరి చెరువు శిఖం, అంటే నీరు నిలిచే నేల నుంచి తోలిన మట్టికుప్పలో నాకొక కుండపెంకు దొరికింది. లోపల నలుపు, బయట ఎరుపు; అంచు వేలితో తడిమితే గాజులా నున్నగా ఉన్నది. మా వైపు రాకాసి గుళ్లని పిలిచే పాత సమాధుల్లో దొరికే రకమది. సంబంధిత కార్యాలయానికి కాగితం రాసి ఇచ్చినా ఎవరూ రాలేదు. వారం తిరగకముందే ఆ మట్టి పత్తి చేలల్లో కలిసిపోయింది.

కోటిలింగాల, ధూళికట్ట వంటి చోట్ల మట్టికిందే శాతవాహనుల కాలపు ఆనవాళ్లు దొరికిన నేల మనది. కాబట్టి పూడికతీతకు ముందు పురావస్తు శాఖవారు ఒక్క రోజైనా శిఖమంతా తిరిగి చూడాలనీ, ఊళ్లలోని ఉపాధ్యాయులు చెప్పింది రాసుకొని కదిలే బాధ్యతను మండలానికొక అధికారికి అప్పగించాలనీ మీ పత్రిక ద్వారా ప్రభుత్వాన్ని కోరుతున్నాను. ఆ పెంకు నా దగ్గర భద్రంగా ఉన్నది. అడిగిన రోజే తెచ్చి అప్పగిస్తాను.

– విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు, హనుమకొండ