మంత్రిగారూ, ఖాళీ గుడ్లు ఇచ్చి సంతకం పెట్టించుకున్నారు

గౌరవనీయులైన వ్యవసాయ శాఖ మంత్రి గారికి నమస్కారం.

నర్సంపేట వైపు ఒక పల్లెలో పత్తి వేసే రైతును సార్. ట్రైకో కార్డుల మీద, అంటే ట్రైకోగ్రామా అనే చిన్న కందిరీగ లాంటి మిత్ర పురుగు లోపల పెరిగే గుడ్లు అంటించిన అట్టల మీద, రాస్తున్న నాలుగో కాగితం ఇది. ముందు మూడు అర్జీలు మర్యాదగానే ఇచ్చాను, ఏ బీరువాలో నిద్రపోతున్నాయో తెలియదు. అందుకే ఇది నలుగురికీ కనపడేలా పెడుతున్నా.

గులాబీ రంగు పురుగు కాయలోకి దూరాక ఏ మందు కొట్టినా తగలదు, గుడ్డు మీద ఉండగానే ఆపాలి అని శిక్షణలో చెప్పింది మీ సార్లే. ట్రైకోగ్రామా తన గుడ్డును తీసుకెళ్లి ఆ పురుగు గుడ్డులోనే పెడుతుంది, పిల్ల లోపలి సొన తిని పెరుగుతుంది, పురుగు పుట్టనే పుట్టదు అన్నారు. మందు ఖర్చుతో వీపు విరిగినోళ్లం, నమ్మకుండా ఎట్లుంటాం? కార్డులు పెట్టే ముందు, పెట్టాక మందు కొట్టొద్దంటే ఆపేశాను. పక్క చేను ఆయన రెండుసార్లు కొట్టి, నన్ను చూసి నవ్వాడు కూడా. నేను మాత్రం రేపు వస్తాయి, సోమవారం వస్తాయి అంటే పన్నెండు రోజులు బండి మీద ఆఫీసు చుట్టూ తిరిగాను.

చివరికి ఇచ్చారు. కార్డు చూసి మా అమ్మ ఉప్పు కాగితమా అంది. గట్టు మీద కూర్చుని, ఆకుల అడుగున పిన్ను కొడదామని ముక్కలు కత్తిరిస్తుంటే కవర్లో నుంచి నల్లటి నుసి రాలింది. మా అబ్బాయి ఫోన్లో జూమ్ చేసి చూపించాడు: గసగసాల్లాంటి నల్ల గుడ్లు, దాదాపు అన్నిటికీ చిన్న బెజ్జం. రాలింది నుసి కాదు సార్, రెక్కలున్న ట్రైకోగ్రామాలే, అన్నీ చచ్చి ఉన్నాయి. ఫ్రిజ్‌లో పెట్టకపోతే వారం, పది రోజుల్లోనే గుడ్డు పగిలి బయటికొస్తాయని మీ శిక్షణలోనే విన్నాం. ఒక్కో కార్డులో ఇరవై వేల దాకా ఉంటాయట. అవన్నీ ఎక్కడో బీరువాలోనో, ఎండలో నిలబడ్డ వ్యాన్‌లోనో పుట్టి అక్కడే పోయాయి. ఆ బీరువాకు గులాబీ పురుగు బాధ లేకుండా మాత్రం చేసి ఉంటాయి, సంతోషం.

కార్డులు ముట్టినట్టు సంతకం మాత్రం ఆ రోజే తీసుకున్నారు. అంటే మీ లెక్కలో నేను లబ్ధిదారుణ్ణి. నా చేనులో గుడ్డి పూలు, అదే గులాబీ పురుగు దూరి విచ్చుకోకుండా పోయిన పూలు, ఏ లెక్కలో రాస్తారో చెప్పండి. పత్తి ఏనుమాముల మార్కెట్‌కు తీసుకెళ్తే అక్కడ సంతకం చూసి రేటు కట్టరు కదా సార్.

మేమేమీ సబ్సిడీ ట్రాక్టర్ అడగట్లేదు. కవర్ మీద ట్రైకోగ్రామా ఏ రోజు బయటికొస్తుందో తేదీ వేయించండి. థర్మాకోల్ డబ్బాలో ఐసు పెట్టి పంపించండి. పూత మొదలయ్యేటప్పుడు పంపించండి, కాయలు తొలిచాక కాదు. తేదీ వేయించండి సార్, అదొక్కటైనా.

ఆ ఖాళీ కార్డులు ఇంకా మా ఇంట్లో సజ్జ మీదే ఉన్నాయి. ఎవరైనా వస్తే చూపిస్తాను, భూతద్దం మాత్రం వాళ్లే తెచ్చుకోవాలి.

ఇట్లు,
ఒక పత్తి రైతు