పీఈటీ సారూ, మీకు దండం

అందరికీ నమస్కారం. నాది తెనాలిలో టైలరింగ్ షాపు. మెడలో టేపు వేసుకుని రోజంతా జనం కొలతలు తీసే నాకు, కన్నకొడుకు కొలతలో తేడా తెలియలేదు. తొమ్మిది నెలల్లో వాడి ప్యాంట్లకు మూడు అంగుళాల మడత విప్పాను. తొమ్మిదో తరగతికే ఆరడుగుల మూడంగుళాలు. మేనమామ పోలికని మురిసిపోయాం. తలనొప్పి అంటే ఒకచోట మాత్రలిచ్చి, "పొడుగైతే మంచిదేగా" అని పంపేశారు.

కనిపెట్టింది వాళ్ల పీఈటీ సారు. అంత పొడుగు పిల్లాణ్ని వాలీబాల్ జట్టులోంచి ఎవరైనా వదులుకుంటారా? ఆయన పక్కన కూర్చోబెట్టారు. ఎదురుగా వచ్చే బంతిని బాగానే కొడుతున్నాడట, పక్క నుంచి వచ్చేది మాత్రం మీద పడేదాకా చూడట్లేదట. షాపుకొచ్చి, "ముందు కళ్లు చూపించండి" అన్నారు. నేను మిషన్ ఆపకుండానే తలూపాను. మర్నాడు ఆయనే బండి మీద తీసుకెళ్లారు.

కళ్ల డాక్టరమ్మ, రెండు కళ్లకూ బయటివైపు చూపు తగ్గిందని ఎంఆర్‌ఐ రాశారు. పిట్యూటరీలో గడ్డ. మెదడు అడుగున శనగగింజంత ఉండే గ్రంథి అది. గడ్డ కంటి నరాలను నొక్కుతూ, ఎత్తు పెంచే గ్రోత్ హార్మోన్‌ను అదే పనిగా వదులుతోంది. గ్లూకోజ్ నీళ్లు తాగించి రెండు గంటలపాటు విడతలుగా రక్తం తీశారు. మామూలుగా ఆ హార్మోన్ బాగా పడిపోవాలట, మావాడికి పడలేదు. ఎముకల చివర్లు ఇంకా మూసుకోని వయసు కాబట్టి ఎత్తు అలా పోయిందట. జైగాంటిజం అన్నారు. క్యాన్సర్ కాదని విన్నాకే మా ఆవిడ మంచినీళ్లు ముట్టింది.

హైదరాబాద్‌లో పుర్రె తెరవకుండా ముక్కులోంచే ఆపరేషన్ చేశారు. తర్వాత తాగిన నీళ్లు, పోసిన మూత్రం అన్నీ కొలిచి రాయమన్నారు. కొలవడం నా పనే, అయినా చెయ్యి వణికింది. కొంచెం గడ్డ మిగలడంతో ఇప్పుడు ఆ హార్మోన్‌ను తగ్గించే ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్ నెలకొకటి. చీటీపాట డబ్బు ముందే ఇప్పించిన బజారు వాళ్లకు, ఐసు డబ్బాలో మందు తెచ్చిచ్చే మెడికల్ షాపు తమ్ముడికి, డాక్టర్లకు, రాత్రుళ్లు మాతో మేల్కొన్న నర్సమ్మలకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

పక్క చూపు చాలావరకు వచ్చింది. మొన్న దసరాకి కొలత తీస్తే ప్యాంటు పొడవు సంక్రాంతి నాటిదే. రెండుసార్లు తీశాను.

సారూ, పెట్రోలు డబ్బులు కూడా తీసుకోలేదు మీరు. ఈ ఏడాది జట్టు యూనిఫాంలు నేను కుడతాను. పిల్లల్ని ఆదివారం షాపుకు పంపండి.