పశుగ్రాసానికి పట్టే పేను గురించి కూడా రాయండి

సంపాదకులు గారికి,

మీ వ్యవసాయ పేజీలో వరికి దోమ, మిరపకి తామర పురుగు, మొక్కజొన్నకి కత్తెర పురుగు, అన్నీ వస్తున్నాయి. పశుగ్రాసానికి పట్టే రసం పీల్చే పురుగుల మాట మాత్రం నేను చూసినంతలో ఎక్కడా లేదు. మా గజపతినగరం వైపు పాడి ఉన్నవాళ్లు కాస్త తడి దొరికితే గడ్డిజొన్నో బొబ్బర్లో వేసుకుంటారు. పేనుబంక పట్టినా "గేదె తినేదే కదా, పోనీ" అని ఊరుకుంటారు.

ఆకు తినే పురుగైతే చిల్లు కనబడుతుంది కాబట్టి కంగారు పడతాం. పేను అలా కాదు, సూదిలాంటి నోటిని ఆకులో తయారైన చక్కెర కిందికి దిగే నాళంలోకి దించి కూర్చుంటుంది. ఆ రసంలో చక్కెర ఎక్కువ, పురుగు ఎదగడానికి కావలసిన నత్రజని తక్కువ, అందుకే అవసరానికి మించి లాగేసి మిగతాది జిగురుగా వదిలేస్తుంది, ఆ జిగురు మీద నల్లటి మసి పెరిగి ఆకుకి ఎండ అందనివ్వదు. కోసిన వెంటనే యూరియా ఎక్కువ వేస్తే రసంలో నత్రజని పెరిగి మేతకన్నా పేనే బలుస్తుంది, ఇది మనవాళ్లు అందరూ చేసే పనే.

అమెరికాలో లూసర్న్ అనే పప్పుజాతి పశుగ్రాసానికి పట్టే ఒక పచ్చదోమ ఇంకా అన్యాయం. అది కుట్టిన చోట నాళాలు దెబ్బతిని చక్కెర కిందికి దిగక ఆకులోనే పేరుకుపోతుంది, దాంతో ఆకు కొత్తగా చక్కెర తయారు చేయడం తగ్గిస్తుంది, ఆకు కొనలు పసుపు రంగుకి తిరుగుతాయి, మొక్క గిడసబారుతుంది, మేతలో మాంసకృత్తులు పడిపోతాయి. చూసినవాళ్లు నీరు చాలలేదనుకుంటారట!

అసలు నష్టం తర్వాతి కోతలో. కోసిన మొక్కకి ఆకు ఉండదు కదా, వేళ్లలో, కాండం మొదట్లో దాచుకున్నదానితోనే చిగురు వేయాలి. ఆ దాపు పురుగు పాలైతే చిగురు ఎక్కడి నుంచి వస్తుంది?

పురుగు ఉధృతమైతే కోత కాస్త ముందుకు జరుపుకోవడం మేలు, కోతతో పాటు చాలా పురుగు పోతుంది. మందుల షాపులో అడిగితే మిరపకి కొట్టేదే చేతిలో పెట్టారు, కొట్టాక ఎన్నాళ్లు ఆగి మేపాలో చెప్పలేదు. కొన్ని మందుల అవశేషాలు పాలలోకీ దిగుతాయి. పశుగ్రాసం మీద ఏ మందు కొట్టొచ్చు, ఎన్ని రోజులు ఆగాలి, వేసవి మేతలు వేసేలోపు శాస్త్రవేత్తలతో రాయించి వేయండి.

- ఒక పాడి రైతు, గజపతినగరం, విజయనగరం జిల్లా