ప్రార్థన చోటే పంక్తి భోజనం

సంపాదకులకు నమస్కారం.

ప్రవాస తెలుగు సంఘాల పండుగ విందుల గురించి తరచూ రాస్తుంటారు. న్యూయార్క్ చెల్సీలోని హోలీ అపోస్టల్స్ ఎపిస్కోపల్ చర్చి గురించి కూడా రాయండి. 1982 నుంచి అక్కడ ఆకలితో వచ్చినవారికి ఉచితంగా భోజనం పెడుతున్నారు. నీది ఏ మతమని అడగరు. 1990లో చర్చి అగ్నిప్రమాదంలో బాగా దెబ్బతింది. బాగుచేశాక ప్రార్థన హాల్లోనే, రంగు అద్దాల కిటికీల కింద బల్లలు వేసి వడ్డించారు. గర్భగుడి ముందే విస్తళ్లు వేసినట్టన్నమాట!

వడ్డనకు వాలంటీర్లే ఆధారం. పక్కనే న్యూజెర్సీలో మనవాళ్లు ఇంతమంది ఉన్నారు. సినిమా తారల్ని రప్పించడంలో చూపే శ్రద్ధలో కాస్త ఇటూ చూపమని మన సంఘాలకు చెప్పండి. థాంక్స్‌గివింగ్ నాడు ఫొటోల కోసం కాదు, మామూలు మంగళవారం నాడు వెళ్లమనండి.

– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ